ఎర్ర గచ్చు డయల్

ఫిబ్రవరి 9, 2025, ఆదివారం

ఈ రోజు నుంచి తెలుగులో రాస్తాను. ఇంగ్లీషులో రాస్తే మా ఆవిడ పుష్పరాణి చదివేస్తుంది, బెంగాలీలో రాస్తే ఇంకా తొందరగా చదివేస్తుంది. తెలుగు మాట్లాడటమే గాని ఆవిడకి అక్షరం రాదు. కలకత్తా పక్కన సంత్రాగాఛి బడిలో ఎవరు నేర్పుతారు? నాకు మాత్రం మా నాన్న ప్రతి ఆదివారం తొడపాశం పెట్టి మరీ నేర్పించాడు. దాని ప్రయోజనం ఇన్నాళ్ళకి తెలిసింది. మా న్యూ టౌన్ టవర్లో ఇనప్పెట్టెలు కొన్నవాళ్ళున్నారు. నాది ఒట్టి నోటుపుస్తకం, వాటికన్నా గట్టిది.

సంగతేమిటంటే, పాత గడియారాలు సేకరించేవాళ్ళ సర్కిల్‌కి పెద్ద మృత్యుంజయ బాబు ఈ రోజు ఆ సర్కిల్ గడియారాన్ని నా చేతికి కట్టాడు.

స్విస్ గడియారం, 1972 నాటిది. బంగారు కేసు, రోజూ కీ ఇవ్వాలి. డయల్ ఎర్ర జాస్పర్ రాయి. రాయిని పల్చగా కోసి, అరగదీసి, ఇత్తడి బిళ్ళ మీద అతికిస్తారు. గోరంత మందం కూడా ఉండదు. అంకెలుండవు, చెక్కబోతే పగులుతుంది. ఆ ఎరుపు, దానిమీద రెండు ముళ్ళు, అంతే. నా దగ్గర రాతి డయళ్ళు ఐదున్నాయి: మాలకైట్, లాపిస్, పులికన్ను, రెండు నల్ల ఆనిక్సులు. దీని పక్కన పెడితే అవి నాపరాళ్ళు.

సర్కిల్లో చేరదలచినవాడు దీన్ని నలభై రోజులు కట్టుకు తిరగాలి. పెట్టెలో దాచకూడదు. "రాయికి మనిషి ఒళ్ళు తెలియాలి" అంటాడు మృత్యుంజయ బాబు. వాళ్ళ నాన్న పెట్టిన ఆచారమట. నెలకోసారి బాలీగంజ్‌లో ఆయన హాల్లో చేరే ఏడుగురూ ఇలా నెగ్గినవాళ్ళే. మార్చి 23న పరీక్ష. గీత, పగులు లేకుండా అప్పజెప్పితే ఎనిమిదోవాణ్ణి నేను, రిజిస్టరులో నా భాషలో ఒక మాట రాసి సంతకం పెడతాను. చిన్న గీత పడినా సరే, టీ ఇచ్చి పంపేస్తారు, మళ్ళీ గుమ్మం తొక్కనివ్వరు. నాలుగేళ్ళు తిరిగాను దీనికోసం.

వంశం గురించి అడిగారు. మా తాతకి ఓడలతో సంబంధం ఉండేదన్నాను. అబద్ధం కాదు, ఖిదిర్‌పూర్ డాక్‌లో బస్తాలు మోశాడు. మా ఆవిడ తరఫువాళ్ళు తరతరాలుగా రైల్వేలో ఉన్నారన్నాను. అదీ నిజమే, మామగారు గ్యాంగ్‌మన్‌గా పోయాడు, బావమరిది ప్రదీప్‌కుమార్ యార్డులో ఫిట్టరు. మరి ఆవిణ్ణి ఎప్పుడూ తీసుకురారేం అన్నారు. ఆరోగ్యం అంతంతమాత్రం, మెట్లెక్కలేదు అన్నాను.

ఫిబ్రవరి 10

లిఫ్టు పాడైంది. పుష్పరాణి ఇరవై కిలోల బియ్యం భుజానేసుకుని తొమ్మిదో అంతస్తు ఎక్కింది. ఐదో అంతస్తు దగ్గర నేను ఆయాసపడుతుంటే నా బ్యాగు కూడా అందుకుంది.

ఫిబ్రవరి 11

ఆఫీసులో గడియారాన్ని ఎవరూ చూడలేదు. పద్నాలుగు మందిని నేనే టైమెంతని అడిగాను, తిరిగి నన్నడుగుతారేమోనని. అందరూ ఫోను చూసి చెప్పారు.

ఫిబ్రవరి 16, ఆదివారం

సంత్రాగాఛి వెళ్ళాం. మా అత్తగారు సింహాచలమ్మకి డెబ్భై దాటాయి. మోకాళ్ళ మీద కూర్చుని, నూనెలో తడిపిన పాత చీర గుడ్డతో నేల తుడుస్తోంది. ఆ క్వార్టరు గోడలు పెచ్చులూడాయి, పైకప్పుకి టార్పాలిన్ కట్టారు. నేల మాత్రం ఎర్ర గచ్చు, అందులో మొహం చూసుకోవచ్చు. మామగారి పేరు మీదనుంచి ప్రదీప్ పేరు మీదికి మారిన క్వార్టరు, ముప్పై తొమ్మిదేళ్ళుగా రోజూ అదే తుడుపు. వచ్చే నెల ఈ క్వార్టర్ల లైనంతా పడగొట్టేస్తారు. వీళ్ళకి కొత్త ఫ్లాట్లిచ్చారు.

"కూల్చేసే ఇంటికి నూనెందుకు, అత్తా?" అన్నాను.

"కూల్సుకోడం ఆల్లిష్టం. అప్పజెప్పడం మన పని. రైలోడు లిస్టట్టుకొచ్చి సూస్తాడు. తలుపులు, తాలాలు, నేల, అన్నీ రాసుకుంటాడు. సింహాచలమ్మ ఇంటికి మచ్చుందని రాయనిచ్చీనా?"

తరవాత నా చేతికేసి చూసింది. "అదేటి బాబూ, అంకెల్నేవు? మరి టయిమెలగ తెలుస్తాది?"

ఇది టైము కోసం కాదని చెప్పాను. ఆవిడ "మరి గాజులాటిదన్నమాట" అని మళ్ళీ తుడుపులో పడింది. చదువు లేనివాళ్ళతో వాదన పెట్టుకోకూడదు.

మార్చి 2న లైన్లో అమ్మవారి పండగ. ఆ క్వార్టర్లలో అదే ఆఖరుది, పెద్దల్లుణ్ణి కాబట్టి మొదటి కొబ్బరికాయ నేనే కొట్టాలట. సరే అన్నాను.

మార్చి 2, ఆదివారం

పండగ బాగా జరిగింది. ఏమీ కాలేదు. తొందరగా పడుకుంటున్నాను.

మార్చి 3

డయల్ మీద వెంట్రుక పడింది. లోపల పడ్డట్టుంది. అద్దం తుడిస్తే పోలేదు.

మార్చి 4

వెంట్రుకే.

మార్చి 5

వెంట్రుక కాదు.

రాయక తప్పదు కాబట్టి రాస్తున్నాను. నాది పుర్రచేతి వాటం. అందుకని చిన్నప్పటినుంచి గడియారం కుడిచేతికి కట్టుకుంటాను. యార్డు గోడ పక్కన రేకుల గుడి ముందు, డప్పుల మధ్య, కొబ్బరికాయ ఎడమచేత్తో ఎత్తాను. అత్తగారు గయ్యిమంది. "అమ్మోరికి పుర్రసెయ్యేటి బాబూ! కుడిసేత్తో కొట్టు!" లైనంతా చూస్తోంది. కాయ కుడిచేతికి మార్చి, ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. ఒక్క దెబ్బకి రెండు చెక్కలైంది. అందరూ మెచ్చుకున్నారు. ఆ దెబ్బ చేతికున్న గడియారం దాకా పాకినట్టు అప్పుడే తెలిసింది, తెలియనట్టు ఊరుకున్నాను.

తప్పు నాది కాదు. తప్పు అత్తగారిది. కాకపోతే అమ్మవారిది.

ఇంకా పద్దెనిమిది రోజులుంది.

మార్చి 6

ఆఫీసుకి జ్వరమని చెప్పి గడియారాల వీధి రాధాబజార్ వెళ్ళాను. మెట్ల కింద బల్ల వేసుక్కూర్చుని గడియారాలు బాగుచేసే ముసలి కారిగర్ ఉన్నాడు, రాతి డయళ్ళు పట్టుకోగలిగినవాడు ఊళ్ళో ఆయనొక్కడే అంటారు. కంట్లో భూతద్దం బిగించుకుని గడియారం వెనక మూత తీశాడు. తీసి, నవ్వాడు. చాలాసేపు నవ్వాడు.

మూత లోపలి వైపు సూదితో గీసిన గుర్తులున్నాయి. మరమ్మతు చేసినవాడు తారీకు గీసిపెట్టడం వాళ్ళ పద్ధతి. ఆరున్నాయి. ఆరూ ఆయన చేతివే.

"మీ జాస్పర్ ఎప్పుడో ముప్పై ఏళ్ళ కిందటే పోయింది, బాబూ. ఇప్పుడు పగిలింది ఎవరింటిదో మెట్టు ముక్క. అంతకుముందుది పూలకుండీ."

ఎవరు చేయించారని అడిగాను. డాక్టరు రోగి పేరు చెబుతాడా అన్నాడు. సర్కిల్‌కి రాకముందు ఎవరో జాగ్రత్తలేని మనుషుల చేతుల్లో పడినట్టుంది. పాపం, మృత్యుంజయ బాబుకి తెలిస్తే గుండె ఆగిపోతుంది.

అసలు జాస్పర్ తెప్పించాలంటే నాలుగు నెలలట. లేకపోతే ఎర్రటి ముక్క ఏదైనా సరే తెమ్మన్నాడు. మచ్చ ఉండకూడదు, ఏళ్ళ తరబడి రుద్దుడు పడి ఉండాలి. "కొత్త ఎరుపు పనికిరాదు. చెయ్యి తిరిగిన ఎరుపు కావాలి."

మార్చి 8

రెండు రోజులుగా కనిపించిన ప్రతి ఎర్ర వస్తువునీ గోకి చూస్తున్నాను. ఆఫీసు కింద పూలతొట్టి గోకితే సెక్యూరిటీ వాడు పేరు రాసుకున్నాడు.

మార్చి 9, ఆదివారం

సామాన్లు సర్దడానికి సాయం చేస్తానని నేనే అడిగి సంత్రాగాఛి వెళ్ళాను. పుష్పరాణి ఆశ్చర్యపోయింది. "ఏటండీ, ఒంట్లో బానే ఉందా?"

వాళ్ళు వంటింట్లో ఉండగా మంచం జరిపాను. మంచం కింద కూడా అద్దంలా ఉంది. ఆవిడ అక్కడ కూడా తుడిచిందంటే, ఎవరు చూస్తారని? ఉలి ప్రదీప్ సంచిలోనే దొరికింది. అరచేతంత ముక్క. లేచి వచ్చేటప్పుడు చిన్న చప్పుడైంది, దగ్గాను. మంచం మళ్ళీ మీదకి లాగేశాను.

అడిగి తీసుకోవచ్చు. అడిగితే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే ఎక్కడెక్కడికో వెళుతుంది మాట. పైగా పడగొట్టే ఇల్లు. బుల్డోజరు పదిహేను రోజుల తరవాత చేసేదాన్ని నేను కాస్త ముందు చేశాను.

మార్చి 15

కారిగర్ గచ్చు ముక్కని ఇత్తడి బిళ్ళ మీద అతికించి, ఆ తరవాత అరగదీశాడట, లేకపోతే పొడైపోయేదట. వేలితో రాసి వాసన చూశాడు. "కొబ్బరినూనె. ఎవరి చెయ్యి ఇది?" అన్నాడు. మా కుటుంబానిదే అన్నాను. "మంచి చెయ్యి" అన్నాడు.

ఏడో తారీకు గీశాడు.

ఇంతకుముందు లేని ఎరుపు. బల్బు వెలుగులో లోతుగా, ఎండలో ఇంకా లోతుగా కనిపిస్తోంది. నా చేతికున్న గడియారం నుంచి కళ్ళు తిప్పుకోలేక మెట్రోలో స్టేషను దాటిపోయాను.

మార్చి 22, శనివారం

అత్తగారి అప్పగింత.

లిస్టు పట్టుకుని రైల్వే ఆఫీసు నుంచి ఒక గుమస్తా వచ్చాడు. కొత్త కుర్రాడేం కాదు, రిటైరుకి దగ్గర. అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని, పంపుల దగ్గరనుంచి గొళ్ళాల దాకా ఒక్కొక్కటీ చూపించింది. తలుపులు, సరి. తాళాలు, సరి. నేల చూసి ఆయనే ఆగి, "మాషీ, ఇది నేలా అద్దమా?" అన్నాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది. అప్పుడు ప్రదీప్ మంచం ఎత్తి బయటికి తీశాడు.

అందరం చూశాం.

గుమస్తా మర్యాదస్తుడు. ఏం ఫర్వాలేదు, ఎలాగూ పడగొట్టేదే, జరిమానా కూడా లేదు, కాని కంటికి కనబడింది రాయాలి అన్నాడు. "నేల: ఒకచోట ధ్వంసం" అని రాశాడు. ఆవిడకి చదవడం రాదు గనక నన్నే అడిగింది, ఏటి రాసినాడు బాబూ అని. చదివి చెప్పాను.

"పండగ వొరకూ నేదు. ఆ రోజు కూడా మంచం కిందకి దూరి తుడిసినాను... తుడిసినాను కదా?" అంది. తన జ్ఞాపకాన్ని తనే నమ్మలేకపోయింది. మోకాళ్ళు నొప్పెట్టి పదిహేను రోజులుగా మంచం కిందకి దూరలేదు, అంతకుముందు కూడా తుడవలేదేమోనని ఆవిడకే అనుమానం వచ్చింది. ఆ తరవాత గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. మామగారు పోయినప్పుడు కూడా ఆవిడ మా ముందు ఏడవలేదు.

నేను చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను. ఒక కాగితం మీద ఒక ముక్క, అంతేగా.

అన్నం సయించలేదు. మధ్యాహ్నం చేపలపులుసు బాగులేదు.

మార్చి 23, ఆదివారం

నెగ్గాను!

మృత్యుంజయ బాబు గడియారాన్ని వెల్వెట్ గుడ్డ మీద పెట్టి, భూతద్దంతో ఐదు నిమిషాలు చూశాడు. గీత లేదు, మచ్చ లేదు అన్నాడు. "ఉమామహేశ్ బాబు చేతిలో రాయికి ప్రాణం వచ్చింది. ఈ లోతు చూడండి. కోట్ల ఏళ్ళ అగ్నిపర్వతం ఉంది ఇందులో." మిగతా ఆరుగురూ ఒకరి తరవాత ఒకరు చూసి, ఔను, అసలైన జాస్పర్ అంటే ఇదే అన్నారు. మరీ తొందరగా అన్నారు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు, కార్పెట్టు చూశారు.

రిజిస్టరు ముందుకి జరిపారు. నా భాషలో రాయమన్నారు. కలం తీశాను. "ఎర్రటి ఉదయం" అనో "వంశ గౌరవం" అనో రాద్దామనే తీశాను. చెయ్యి ఇలా రాసింది:

"ఇది సంత్రాగాఛి క్వార్టరు 47/బి నేల. మా అత్తగారు సింహాచలమ్మ ముప్పై తొమ్మిదేళ్ళు కొబ్బరినూనెతో తుడిచింది. నేను అడక్కుండా తీశాను."

అర్థం ఏమిటన్నారు. ఈ సర్కిల్ ఉదయసూర్యుడిలా వెలగాలని మా వంశంలో చెప్పే ఆశీర్వచనం అన్నాను. చప్పట్లు కొట్టారు.

మెట్లు దిగుతుంటే మృత్యుంజయ బాబు ఒక్కడే వెనకాల వచ్చాడు. భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అడిగాడు: "రాధాబజార్ ముసలాయన కులాసాయేనా?"

మార్చి 24

నిజం రాశాను కదా. రాసినట్టే కదా.

ఏప్రిల్ 2

47/బి పడగొట్టారని ప్రదీప్ ఫోను చేశాడు. అత్తగారు వెళ్ళి చూసి, ఒక గచ్చు పలక ఏరి కొత్త ఫ్లాటుకి తెచ్చుకుందట. ఎందుకో చెప్పదట. భోజనం సగమే తింటోందట. పుష్పరాణి రోజూ వెళ్ళొస్తోంది.

ఏప్రిల్ 13, ఆదివారం

సర్కిల్లో నలభై రోజులు మొదలుపెట్టడానికి కొత్త మనిషి వచ్చింది. డాక్టరు రమాకుమారి, ఆరు నెలల కిందట ఇక్కడ ఉద్యోగానికి వచ్చిందట. ఊరేదని అడిగారు. కరీంనగర్ అంది.

టీ కప్పు కింద పెట్టేశాను, ఈవిడకి తెలుగు చదవడం వచ్చు. ఆవిడ రిజిస్టరు తిరగేస్తూ నా పేజీ దగ్గర ఆగింది. మిగతావాటి దగ్గర ఆగినదానికన్నా ఎక్కువసేపే ఆగింది. పుస్తకం మూసి, నావైపు ఒకసారి చూసి, అందరికీ నమస్కారం పెట్టి, గడియారం కట్టించుకుని వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 14

ఏ క్షణాన ఫోను వస్తుందో.

ఏప్రిల్ 20

రాలేదు.

ఏప్రిల్ 28

వచ్చింది. రమాకుమారి గారే. నమస్తే అని, నిన్న ఆవకాయకి మామిడికాయలు కొట్టానని చెప్పింది. పెద్ద కత్తి, గట్టి టెంకలు. గడియారం తియ్యడం మరిచిందట.

"మూడు ముక్కలైందండీ. మీరు రాసింది నేను ఎవ్వరికి చెప్పలె. మీ అత్తమ్మ గచ్చు ఏమన్న మిగిలిందా అండీ?"

మే 4, ఆదివారం

వెళ్ళాం. నేను, పుష్పరాణి, రమాకుమారి గారు. కొత్త ఫ్లాటు మూడో అంతస్తు, నేలంతా తెల్ల టైల్సు. తుడవడానికి ఏమీ లేని మనిషిలా అత్తగారు కుర్చీలో కూర్చుంది. ఆ పలక అమ్మవారి పటం కింద ఉంది. దానికొక్కదానికీ నూనె రాసి ఉంది.

చెప్పేశాను. మంచం, ఉలి, దగ్గు, అన్నీ.

"అయితే నాను తుడిసినాను. పండగనాడు కూడా తుడిసినాను" అంది అత్తగారు.

"తుడిచావు, అత్తా."

గడియారం అడిగింది. రమాకుమారి గారు భూతద్దం కూడా ఇచ్చింది. మూడు ముక్కలైన ఆ ఎరుపుని కంటి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇదేటి బాబూ... ఇంత సిన్నదైపోనాది" అంది. పమిట చెంగుతో అద్దాన్ని తుడిచింది, నేల తుడిచినట్టే, గుండ్రంగా. ఐదు గడియారాలు కొన్నాను, ఇలా ఒక్కటీ తుడవలేదు.

రమాకుమారి గారు పలక గురించి వినయంగా అడిగింది. అత్తగారు నావైపు వేలు చూపించింది.

"ఇస్తానమ్మా. ముందు ఈ బాబు ఆ ఆఫీసుకెల్లి, ఆ మచ్చ నాది కాదని రాసి, ఆల్ల సేత ముద్దర ఏయించి తేవాల. అందరికీ తెలిసీలాగ రాయాల."

ఇల్లే లేదు కదా అత్తా, ఇంకా కాగితం దేనికి అన్నాను.

"ఇల్లు నేదు. పేరున్నాది."

మే 5, సోమవారం

ఆఫీసుకి జ్వరమని చెప్పలేదు. అత్తగారి పని ఉందని చెప్పాను. మొదటిసారి.

బెంగాలీలోనే రాశాను. "47/బి నేలకి పడిన గుంట ఆ ఇంటి అల్లుణ్ణైన నేను, ఖిదిర్‌పూర్ డాక్ కూలీ మనవణ్ణి, మార్చి 9న ఉలితో చేసినది. సింహాచలమ్మ గారు ఇల్లు మచ్చ లేకుండా అప్పజెప్పారు." ఆ గుమస్తా గట్టిగా చదివాడు. సెక్షనంతా లేచి వచ్చి నన్ను చూశారు. ఎవరో టీ తెప్పించారు. ఒకాయన, గచ్చు తిన్నావా దాదా అని అడిగాడు. లేని ఇంటికి సవరణ ఎక్కడ రాయాలో వాళ్ళకీ తెలియలేదు. చివరికి పాత ఫైలు తీసి, ఆ లైను కొట్టేసి, "నేల: సరి" అని రాసి ముద్ర వేశారు. జిరాక్సు ఇచ్చారు.

సాయంత్రం రమాకుమారి గారిని కూడా రమ్మని, అత్తగారికి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. మడిచి అమ్మవారి పటం వెనక పెట్టింది. పలక తీసి రమాకుమారి గారి చేతుల్లో పెట్టింది. అందులో సగం నాకు కూడా కావాలనిపించింది, నా నల్ల ఆనిక్సుల్లో ఒకటి బీటలిచ్చింది. చెయ్యి చాపబోయాను.

"నీకు నేదు బాబూ. ఆయమ్మ అడిగినాది" అంది. తరవాత చేపలపులుసు వడ్డించింది. బాగుంది.

ఇంటికొచ్చాక పుష్పరాణి బల్ల దగ్గర నిలబడింది. ఈ నోటుపుస్తకం మీద చెయ్యి వేసి, "అమ్మకి సదివినారు కదా. మరి నాకో?" అంది.

ఇందులో ఏమీ లేదన్నాను. ఏమీ లేకపోతే మూడు నెలలుగా బట్టల కింద ఎందుకు దాస్తున్నారంది. మీరు చదవకపోతే రమాకుమారి గారిని భోజనానికి పిలుస్తానంది.

మొదటి పేజీ తెరిచాను. ఇనప్పెట్టె దగ్గర నవ్వింది. జాస్పర్ దగ్గర ఆవలించింది. ఓడల దగ్గర మళ్ళీ నవ్వింది. "మరి ఆవిణ్ణి ఎప్పుడూ తీసుకురారేం అన్నారు" దాకా చదివి, ఆగాను. తరవాతి వాక్యం చిన్నది, ఆవిడ మెట్లెక్కలేదని నేను చెప్పినది. దాటేసి లిఫ్టు పాడైన పేజీకి వెళ్ళిపోతే తనకి తెలియదు. వేలు పెట్టి చూపించినా తెలియదు.

పుష్పరాణి నా మొహమే చూస్తోంది.

"సదవండి" అంది.